మా అమ్మది ఏ జీవనశైలి?
(వాడ నుంచి – 7వ భాగం)

ఈ వారం మిర్చి పురుగుమందుల గురించి రాస్తానని మాటిచ్చాను. అది వచ్చే వారానికి జరుపుతున్నాను. ఈ లోపల ఒక సంగతి జరిగింది, అది ముందు మాట్లాడుకోవాలి.

పోయిన నెల మా కాలేజీలో ఆరోగ్య అవగాహన సదస్సు పెట్టారు. స్టేజి వెనక ఫ్లెక్సీ: "రక్తపోటు – ఒక జీవనశైలి వ్యాధి". వచ్చిన డాక్టరు గారు మంచి వక్త. ఉప్పు తగ్గించండి, రోజూ అరగంట నడవండి, పండ్లూ కూరగాయలూ ఎక్కువ తినండి, ఎనిమిది గంటలు నిద్రపోండి, టెన్షన్ పెట్టుకోకండి, మాంసం మానేస్తే మరీ మంచిది అన్నారు. ముందు వరసల్లో పిల్లలు బుద్ధిగా నోట్సు రాసుకుంటున్నారు. ఆ పిల్లల్లో సగం మంది సంక్రాంతి సెలవుల్లో వాళ్ళమ్మ పక్కన సాలు పట్టి మిరపకాయలు ఏరి పరీక్ష ఫీజు కట్టినవాళ్ళు. చివర్లో స్టాఫ్‌కి బీపీ చూశారు. నాది 158/102. నా వయసు 36. డాక్టరు గారు భుజం తట్టి, "లైఫ్‌స్టైల్ మార్చుకోవాలి సార్" అన్నారు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అంకె చూసి కాదు. ఆ మాట విని.

నేను చదువుకున్నది తెలుగు సాహిత్యం. శైలి అనే మాట మీద ఏటా నాలుగు క్లాసులు చెప్తాను. శైలి అంటే ఏరుకోవటం. పది మాటలు చేతికి అందుతున్నప్పుడు కవి అందులో ఒకటి ఏరుకుంటాడు, ఆ ఏరుకోవటంలో ఉంటుంది శైలి. వామనుడు రీతిని కావ్యానికి ఆత్మ అన్నాడంటే, కవి ముందు మూడు రీతులున్నాయి కాబట్టి అన్నాడు. ఏరుకోవటానికి ఏమీ లేని చోట శైలి ఎక్కడిది? మా అమ్మ ముప్పై ఏళ్ళుగా ఏరింది మిరపకాయలే. తిండిని ఏరుకోలేదు, పనిని ఏరుకోలేదు, నిద్రపోయే టైమును కూడా ఏరుకోలేదు. ఆమె రక్తపోటుకు "జీవనశైలి వ్యాధి" అని పేరు పెట్టటం మెడికల్ భాష కావచ్చు గానీ, నా లెక్కలో అది తప్పు తెలుగు. తప్పు ఎవరిదో ముందే తేల్చేసే తెలుగు.

మాది చర్ల రోడ్డు మీద ఒక ఊరు. ఒక పక్క గోదావరి, ఒక పక్క అడవి, మధ్యలో మిర్చి చేలు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఊరంతా ఏరుళ్ళ మీదే బతుకుతుంది. మా మాదిగ వాడ ఆడవాళ్ళు, పక్క గూడేల కోయ అక్కలు, సరిహద్దు దాటి సుక్మా, బీజాపూర్ వైపు నుంచి కుటుంబాలతో వచ్చే గుత్తికోయలు, అందరూ అవే చేలల్లో. తెల్లారుజామున నాలుగింటికి లేవాలి, ఆరింటికి మేస్త్రి ఆటో ఎక్కాలి. సద్దిలోకి ఏం పెట్టుకుంటుంది మా అమ్మ? అన్నం, మిరపకాయ తొక్కు. కూర ఎందుకు పెట్టుకోదు? మార్చి ఎండకు చేను గట్టు మీద పెట్టిన కూర మధ్యాహ్నానికి పులిసిపోతుంది. తొక్కు పులవదు. ఎందుకు పులవదు? ఉప్పు ఉంది కాబట్టి.

ఉప్పు దగ్గర కొంచెంసేపు ఆగుదాం. పెద్దవాళ్ళకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. అంటే ఒక టీ చెంచా. మన దేశంలో సగటు మనిషి దానికి ఎంతో ఎక్కువే తింటున్నాడు. ఉప్పు ఎక్కువైతే ఒంట్లో నీరు నిలుస్తుంది, రక్తనాళాల మీద ఒత్తిడి పెరుగుతుంది. దీనికి కులం లేదు, సైన్సు. ఇందులో నాకు ఆ డాక్టరు గారితో పేచీ లేదు. నా పేచీ ఆయన అడగని ప్రశ్నతో. పేదవాడి కంచంలో అంత ఉప్పు ఎందుకుంది? నాలుక కోరటం వల్లనా?

ఉప్పు మా ఇంట్లో రుచి కాదు, కూర. పప్పు కొనలేని రోజు, కూరగాయలు కొనలేని రోజు, అరకిలో బియ్యపు అన్నాన్ని గొంతు దింపేది ఉప్పూ కారమే. రోషం లేనివాణ్ణి "ఉప్పూ కారం తింటున్నావా లేదా" అని అడుగుతుంది మన భాష. అడిగించుకునేవాడు తింటున్నది అవి మాత్రమేనని ఆ సామెత కట్టినవాళ్ళకు తట్టలేదు. (కారం పాపం ఏమీ చెయ్యదు. కారం తింటే బీపీ వస్తుందని వాడలో అందరూ నమ్ముతారు. బీపీ తెచ్చేది ఆ కారంలో కలిపిన ఉప్పు.)

ఉమ్మడి రాష్ట్రంలో 2013 ఉగాదికి 'అమ్మహస్తం' అని ఒక పథకం వచ్చింది, చాలామందికి గుర్తుండే ఉంటుంది. 185 రూపాయలకు 9 సరుకులు: కందిపప్పు, పామాయిలు, గోధుమలు, గోధుమపిండి, చక్కెర, చింతపండు, కారం, పసుపు, ఉప్పు. తర్వాత అది పోయింది. 2025 ఉగాదికి సన్నబియ్యం వచ్చాయి, మనిషికి 6 కిలోలు. సంతోషం, దొడ్డుబియ్యం తిని తిని విసిగిన ప్రాణాలు. కానీ ఆ సన్నబియ్యంలోకి ఏమిటి? రేషన్ షాపు ఇచ్చింది ఉత్త అన్నం. ఉత్త అన్నం పక్కన ఏం చేరుతుందో ఇందాకే చెప్పాను.

ఇక పండ్లూ కూరగాయలూ. ఈ సలహా వెనక ఉన్న అసలు పరిశోధన పేరు డాష్. 1997లో అమెరికాలో అచ్చయింది. పండ్లు, కూరగాయలు, కొవ్వు తక్కువ పాలు ఉన్న తిండి పెడితే, బీపీ ఉన్నవాళ్ళలో పై అంకె సగటున 11 పాయింట్ల దాకా తగ్గింది. ఒక మందు గోళీతో సమానం. ప్రపంచమంతా డాక్టర్లు దీన్నే చెప్తారు, నిజమే చెప్తారు. కానీ ఆ పరిశోధన ఎట్లా జరిగిందో ఎవరూ చెప్పరు. అందులో ఉన్న 459 మందికి తిండి వండి పెట్టింది పరిశోధకులే. అన్ని పూటలకూ, ఉచితంగా, తూకం వేసి, వారాల తరబడి. అంటే శాస్త్రం రుజువు చేసింది "సలహా ఇస్తే బీపీ తగ్గుతుంది" అని కాదు, "మంచి తిండి పెడితే తగ్గుతుంది" అని. తిండి పెట్టటం అన్న భాగాన్ని కోసేసి, సలహా ఒక్కటే మనకు పంపారు. ఆ పరిశోధనలో సగానికి పైగా నల్లజాతి వాళ్ళే ఉన్నారన్నది కూడా గుర్తు పెట్టుకోండి, మళ్ళీ అటు వెళ్తాం.

ఒకప్పుడు ఆకుకూర కొనేది కాదు. చేలల్లో కలుపుతో పాటు గంగవాయిలి, చెంచలి, తోటకూర దొరికేవి, కలుపు తీసిన అమ్మ కొంగులో కట్టుకుని వచ్చేది. జహీరాబాద్ వైపు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత ఆడవాళ్ళు ఈ సాగు చెయ్యని ఆకుకూరల విలువను ప్రపంచానికి చూపించారు. మా వైపు కలుపు మందు కొడుతున్నారు. కలుపూ పోయింది, కలుపు తీసే కూలీ పోయింది, కొంగులో కూరా పోయింది. జొన్న గటక పోయి బియ్యం వచ్చాయి. ఇది మా అమ్మ మార్చుకున్న లైఫ్‌స్టైలా?

నడవమంటారు. చేలో రోజుకు ఎనిమిది గంటలు నడుం వంచి ఏరేదాన్ని సాయంత్రం గ్రౌండ్ చుట్టూ నడవమంటారు. "అంత పని చేసేవాళ్ళకి బీపీ రాదు సార్" అని మా కాలేజీలోనే ఒక సహోద్యోగి నాతో వాదించాడు. వస్తుంది. డెన్మార్క్‌లో హోల్టర్‌మాన్ అనే పరిశోధకుడూ ఆయన తోటివాళ్ళూ ఏళ్ళ తరబడి ఇదే చూశారు. ఇష్టపడి చేసే వ్యాయామం గుండెకు మేలు చేస్తుంది. కడుపు కోసం చేసే బండపని ఆ మేలు చెయ్యదు, ఒక్కోసారి కీడు చేస్తుంది. కారణం కూడా వాళ్ళు చెప్పారు: ఆ పనిలో గంటల తరబడి గుండె వేగం తగ్గదు, ఒంటికి తేరుకునే టైముండదు, ఎప్పుడు ఆపాలో పనిచేసేవాడి చేతుల్లో ఉండదు. చెమట ఒకటే, యజమాని వేరు.

ఇప్పుడు ఏ ఫ్లెక్సీ మీదా కనపడని ముచ్చట ఒకటి. నొప్పుల గోళీ. ఏరుళ్ళ కాలంలో సాయంత్రం ఆర్‌ఎంపీ దగ్గర క్యూ చూడండి. నడుం నొప్పి, మోకాళ్ళ నొప్పి, మెడ నొప్పి. అందరికీ ఒకటే మందు, డైక్లోఫెనాక్ సూదో గోళీనో. రేపు మళ్ళీ ఆటో ఎక్కాలంటే ఈ రాత్రి అది పడాలి. మేస్త్రి దగ్గర కూడా ఒక స్ట్రిప్పు ఉంటుంది. ఈ జాతి నొప్పుల మందులు ఒంట్లో ఉప్పునూ నీటినీ నిలబెడతాయి, బీపీని పెంచుతాయి, వేసుకుంటున్న బీపీ మందు పనిని చెడగొడతాయి, చాలాకాలం వాడితే కిడ్నీలను తింటాయి. ఇది ప్రతి మెడికల్ పుస్తకంలోనూ ఉన్నదే. దీని పక్కన ఇంకోటి. చేలల్లో మరుగుదొడ్డి లేదు కాబట్టి ఆడవాళ్ళు పొద్దుటినుంచీ నీళ్ళు తాగరు. నలభై అయిదు డిగ్రీల ఎండ, నీళ్ళు లేని ఒళ్ళు, దాని మీద డైక్లోఫెనాక్. కిడ్నీ మీద ఇంతకంటే దాడి ఏముంటుంది? ఖమ్మం మార్కెట్టుకు వచ్చే ఎర్రటి తేజ మిర్చి రాశులు ఫొటోల్లో బాగుంటాయి. ఒక్కో బస్తా వెనక ఎన్ని గోళీలున్నాయో తూకంలో రాదు.

మాంసం సంగతి. కొన్నేళ్ళ కింద మా అమ్మను నేనే ఒక ఆస్పత్రికి తీసుకెళ్ళాను. చీటీ మీద ఊరి పేరు, ఇంటి పేరు చూసిన పెద్దమనిషి నవ్వుతూ, "మీరు పెద్దకూర బాగా తింటారు కదా, అది మానెయ్యాలి" అన్నాడు. బీపీ ఇంకా చూడలేదు, పరీక్ష రాయలేదు, రోగం తేల్చేశాడు. మా అమ్మ పెద్దకూర తినేది నెలకు ఒకటి రెండు సార్లు, అదీ డబ్బులుంటే. నేను దాచను: ఉప్పు పట్టించి ఎండబెట్టిన తునకలు, ఎండు చేపలు బీపీ ఉన్నవాళ్ళు తగ్గించాల్సిందే. అయితే ఊరగాయ, అప్పడం, వడియం, ప్యాకెట్ మిక్చరు కూడా అదే వరసలో నిలబడాలి. ఒకటి "సంప్రదాయ వంట", ఇంకోటి "రోగ కారణం" ఎట్లా అయ్యాయి? ఉప్పు మా గిన్నెలో ఉంటేనే సోడియమా?

టెన్షన్ పెట్టుకోకండి అన్నారు కదా. ఈ మాట దగ్గర నాకు షెర్మన్ జేమ్స్ గుర్తొస్తాడు. అమెరికాలో నల్లజాతి పరిశోధకుడు. 1970ల చివర్లో నార్త్ కరోలినాలో ఆయన జాన్ హెన్రీ మార్టిన్ అనే ముసలి నల్ల రైతును కలిశాడు. ఆ రైతు పాలేరు కుటుంబంలో పుట్టి, సొంతంగా అక్షరాలు నేర్చుకుని, నలభై ఏళ్ళకల్లా 75 ఎకరాల భూమి సంపాదించాడు. యాభైలు దాటేసరికి ఆయనకు బీపీ, కీళ్ళ జబ్బు, కడుపులో పుండు. జేమ్స్ అక్కడ ఒక సంగతి పట్టుకున్నాడు. అణిచివేసిన సమాజంలో, చేతిలో ఏ ఆసరా లేకుండా, పట్టుదల ఒక్కటే పెట్టుబడిగా ఏళ్ళ తరబడి ఎదురీదే మనిషి ఒళ్ళు దానికి ధర కడుతుంది. 1983లో దానికి 'జాన్ హెన్రీయిజం' అని పేరు పెట్టాడు. ఇది రక్తంలో ఉన్న లోపం కాదు. పశ్చిమ ఆఫ్రికా పల్లెల్లో తక్కువగా ఉన్న రక్తపోటు, అదే మూలాల మనుషుల్లో కరీబియన్ దీవుల్లో కొంచెం, అమెరికాలో ఇంకా ఎక్కువ కనపడుతుందని రిచర్డ్ కూపర్ బృందం 1990ల్లో చూపించింది.

ఇది చదివినప్పుడు నాకు నేనే కనపడ్డాను. వాడలో మొదటి పీహెచ్‌డీ. క్లాసులో ఒక్క ఉచ్చారణ తప్పు పోకూడదు, పోతే "రిజర్వేషన్ సార్" అంటారు. అందుకని అందరికంటే గంట ముందు పోతాను, గంట వెనక వస్తాను. రాత్రి రెండింటిదాకా ఇదిగో ఇట్లా రాస్తాను. మన విద్యార్థి నాయకుల్ని చూడండి. రోజుకు పది టీలు, సిగరెట్టు, అర్ధరాత్రి మిర్చి బజ్జీ, నాలుగు గంటల నిద్ర, అదంతా నిబద్ధత కింద లెక్క. బాబాసాహెబ్ మధుమేహంతో, నరాల నొప్పితో, సన్నగిల్లిన చూపుతో చివరి ఏళ్ళు రాశాడు. 65 ఏళ్ళకే పోయాడు. ఆయన రాసిన ప్రతి పేజీకీ దండం పెడతాం, ఆ ఒంటి నొప్పిని మాత్రం ఆదర్శం చేసుకుంటున్నాం. అక్కర్లేదు.

ఇక్కడే మన వాళ్ళతో నా గొడవ. సదస్సు అయ్యాక ఒక తమ్ముడు నాతో, "అన్నా, బీపీ అంతా కార్పొరేట్ మందుల కుట్ర, మన పూర్వీకులకు ఉందా" అన్నాడు. తమ్ముడూ, ఉందో లేదో మన పూర్వీకులకు కొలిచినవాడెవడు? ముట్టుకుంటేగా కొలిచేది. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 ఏళ్ళు దాటిన మగవాళ్ళలో 24 శాతం, ఆడవాళ్ళలో 21 శాతం మందికి రక్తపోటు. తెలంగాణ అంకెలు ఆ సగటు కంటే ఎక్కువే. బీపీ నిజం. పక్షవాతం నిజం.

ఎంత నిజమో చెప్తాను. మా అమ్మకు పీహెచ్‌సీలో గోళీలు రాశారు. నెలకోసారి వెళ్ళి తెచ్చుకోవాలి. వెళ్తే ఆ రోజు కూలి నాగా. ఏరుళ్ళ కాలంలో నాగా పెడితే మేస్త్రి రేపు పిలవడు. పైగా ఒంట్లో బాగానే ఉంది, మెడ నరాలు లాగటం లేదు, తల తిరగటం లేదు. "రోజూ వేసుకుంటే అలవాటైపోద్దంటగా బిడ్డా, నువ్వూ డాక్టరువేగా, చెప్పు" అంది ఫోన్‌లో. నేను డాక్టర్నే. శతక సాహిత్యం మీద. నవ్వి, "వేసుకో అమ్మా" అని పెట్టేశాను. అడిగి కనుక్కోలేదు. రెండు నెలలు మానేసింది. మార్చిలో ఒక మధ్యాహ్నం చేలో ఎడమ చెయ్యి నుంచి బుట్ట జారింది, మూతి వంకరపోయింది. ఎండదెబ్బ అనుకుని చెట్టు కింద పడుకోబెట్టి ఉల్లిపాయ వాసన చూపించారు. రక్తం గడ్డ కరిగించే సూది నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి, అదీ తలకు స్కానింగ్ తీశాక. మా ఊరి నుంచి భద్రాచలం చేరటానికే ఎంత పడుతుందో ఈ రోడ్డు మీద తిరిగినవాళ్ళకు తెలుసు. అమ్మ బతికింది. ఎడమ చెయ్యి ఇప్పటికీ గ్లాసు పట్టదు.

కాబట్టి ఆ డాక్టరు గారి "లైఫ్‌స్టైల్" మీద ఎంత కోపముందో, గోళీ మానెయ్యమనే మన విప్లవకారుల మీద అంతకు రెట్టింపు ఉంది. బీపీకి లక్షణాలుండవు. లక్షణం కనపడిన రోజున చాలాసార్లు అది పక్షవాతమే. గోళీ "అలవాటు" కాదు. ఆపితే ఒత్తిడి మళ్ళీ పెరుగుతుంది, అంతే. ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాముల గోళీ జనఔషధి దుకాణంలో రూపాయి లోపు, పీహెచ్‌సీలో ఉచితం. కొలిచే పద్ధతి కూడా మనం నేర్చుకోవాలి: అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి, అరగంట ముందు నుంచి టీ, బీడీ వద్దు, చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద ఆనించాలి, మాట్లాడకూడదు. రెండు వేర్వేరు రోజుల్లో 140/90 దాటితే చికిత్స మొదలుపెట్టాల్సిందే. ఆటో దిగి పరిగెత్తుకొచ్చిన మనిషికి కట్టిన పట్టీ చెప్పే అంకెను నమ్మొద్దు.

పనిచేసిన దారులు లేవా? ఉన్నాయి. 2017 నవంబరులో కేంద్రం మొదలుపెట్టిన రక్తపోటు నియంత్రణ కార్యక్రమం ముందుగా వచ్చిన అయిదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. సిద్ధాంతం చాలా చిన్నది: అందరికీ ఒకే మందుల వరస, మందులు అయిపోకుండా చూడటం, ప్రతి మనిషికీ ఒక కార్డు, రానివాళ్ళను వెతుక్కుంటూ వెళ్ళటం. ఉపన్యాసం లేదు. లాస్ ఏంజెల్స్‌లో రొనాల్డ్ విక్టర్ అనే డాక్టరు ఇంకో అడుగు ముందుకేశాడు. నల్లజాతి మగవాళ్ళు ఆస్పత్రికి రారు, మంగలి షాపుకు వస్తారు. అందుకని 52 షాపులను తీసుకుని, వాటిలో కొన్నింటికి మందులిచ్చే ఫార్మసిస్టులనే పంపాడు. ఆర్నెల్లలో వాళ్ళ పై అంకె సగటున 27 పాయింట్లు పడింది. అదే మంగలి, "లైఫ్‌స్టైల్ మార్చుకో, డాక్టరును కలువు" అని మాత్రమే చెప్పిన షాపుల్లో 9. 2018లో అచ్చయిన లెక్క ఇది. సలహాకూ, మందును మనిషి దగ్గరికి తీసుకెళ్ళటానికీ తేడా 18 పాయింట్లు.

మనకు మంగలి షాపు బదులు ఆటో అడ్డా ఉంది, మిర్చి కల్లం ఉంది, ఆదివారం చర్చి ఉంది. ఏరుళ్ళ నాలుగు నెలలూ ఏఎన్ఎం అక్క, ఆశా అక్క సాయంత్రం ఆరు తర్వాత కల్లాల దగ్గరికి రావాలి, వాళ్ళకు ఆ పనికి విడిగా డబ్బులివ్వాలి (ఆశాలను ఉచిత చాకిరీకి మనమూ వాడుకుంటే మేస్త్రికీ మనకూ తేడా ఏముంది?). నెలకు కాదు, మూడు నెలలకు సరిపడా గోళీలు ఒకేసారి ఇవ్వాలి. గుత్తికోయలకు ఊరూ లేదు, చాలామందికి కార్డూ లేదు. ఆధార్ అడక్కుండా చూడాలి. చేను ఆసామి తాగే నీళ్ళు, నీడ, ఆడవాళ్ళకు చాటు ఏర్పాటు చెయ్యాలి. రేషన్ షాపులో పప్పు తిరిగి రావాలి, దాంతో పాటు సోడియం తక్కువ ఉప్పు రావాలి. చైనాలో 600 పల్లెల్లో, దాదాపు 21 వేల మందితో అయిదేళ్ళు చూశారు. ఉప్పులో నాలుగో వంతు పొటాషియం ఉప్పు కలిపితే పక్షవాతాలు 14 శాతం తగ్గాయి. అన్నం అదే, తొక్కు అదే, రుచి దాదాపు అదే. కిడ్నీ జబ్బున్నవాళ్ళకు అది పనికిరాదు కాబట్టి అడిగి ఇవ్వాలి. కానీ బజారులో దాని ధర మామూలు ఉప్పుకు ఎన్ని రెట్లో చూడండి. ఉప్పు మీద పన్ను అన్యాయమని దండి దాకా నడిచిన దేశంలో, ప్రాణం నిలిపే ఉప్పు సూపర్‌మార్కెట్ అరల్లో ఉంది.

ఇప్పటికిప్పుడు ఇంట్లో ఏం చెయ్యొచ్చని అడుగుతారు. చెయ్యగలిగినవి కొన్నున్నాయి, అవి చెప్పకపోతే నేనూ ఫ్లెక్సీ మనిషినే. అన్నం వండేటప్పుడు ఉప్పు వెయ్యొద్దు. తొక్కు ముద్దకు సగం. వాడలో ఎవరి దొడ్లో మునగచెట్టున్నా ఆకు కొయ్యండి. మందు, బీడీ సంగతి మీకు చెప్పక్కర్లేదు. గూడెంలో బెల్టు షాపు మూయించటం కూడా బీపీ వైద్యమే. నొప్పుల సూది వేసే ముందు "నాకు బీపీ ఉంది" అని ఆర్‌ఎంపీకి చెప్పమని అమ్మకు నేర్పండి. నేను సిగరెట్టు మానేసి పంతొమ్మిది రోజులు. గోళీ వేసుకుంటున్నాను. నిన్న 144/92.

వచ్చే ఆదివారం ప్రార్థన అయ్యాక మా వాడ చర్చి అరుగు మీద రెండు మిషన్లతో కూర్చుంటున్నాం. నర్సింగ్ చదివే ఇద్దరు చెల్లెళ్ళు వస్తామన్నారు. అంకెలు రాసుకుని, 140/90 దాటినవాళ్ళ లిస్టు సోమవారం పీహెచ్‌సీకి పట్టుకెళ్తాం. గూడేల నుంచి వచ్చేవాళ్ళతో మాట్లాడటానికి కోయ భాష వచ్చిన పిల్లలు కావాలి. మీరు ఈలోపల మీ అమ్మ గోళీల స్ట్రిప్పు తీసి లెక్కపెట్టండి. ఎన్ని మిగిలాయో చూడండి.